చెవి తమ్మె, డొప్ప చెవి శస్త్రచికిత్సల్లో కుట్లు: ఏది ఎక్కడ వేస్తారు, ఎందుకు వేస్తారు, ఎప్పుడు తీస్తారు

చెవి అందం కోసం చేసే శస్త్రచికిత్సల్లో మన ఇళ్లలో తరచుగా మాటకు వచ్చేవి రెండు. బరువైన బుట్టలూ జూకాలూ ఏళ్ల తరబడి వేలాడి సాగదీయగా చివరికి రెండుగా చీలిపోయిన చెవి తమ్మెను తిరిగి కలపడం మొదటిది. తలకు అంటుకోకుండా పక్కలకు పొడుచుకు వచ్చిన డొప్ప చెవులను వెనక్కి అమర్చడం రెండోది. రెండింటిలోనూ సూదీ దారాలదే ప్రధానమైన పని అయినా, వేసే కుట్లు మాత్రం ఒకటి కావు. తమ్మె మీద కనిపించే కుట్టు వారం, పది రోజులు నిలిస్తే చాలు. డొప్ప చెవి లోపల వేసే కుట్టు కరగకూడదు, దానిని తీయకుండా లోపలే ఉంచేస్తారు. ఈ తేడాకు కారణం తెలిస్తే, సర్జన్ దగ్గర ఏం అడగాలో, ఇంటికి వచ్చాక దేనికి కంగారు పడాలో, దేనికి పడనక్కరలేదో తేలిగ్గా తెలుస్తుంది. శస్త్రచికిత్స ఏ వరుసలో సాగుతుందో ఆ వరుసలోనే ఈ వ్యాసం నడుస్తుంది. ఇది చేయించుకునేవారికీ వారి ఇంటివారికీ రాసినదే తప్ప, చదివి ఇంట్లో చేసుకోదగిన పని మాత్రం కాదు.

ముందుగా చెవి నిర్మాణం

చెవి డొప్ప పైభాగమంతా మృదులాస్థి. దాని మీద చర్మం పలుచగా ఉంటుంది. ముందువైపు గట్టిగా అతుక్కుని, వెనకవైపు కాస్త వదులుగా ఉంటుంది. కింద వేలాడే తమ్మెలో మృదులాస్థి ఉండదు. రెండు చర్మపు పొరలూ వాటి మధ్య కొవ్వూ, కొంత నారలాంటి కణజాలమూ మాత్రమే ఉంటాయి. మృదులాస్థికి స్ప్రింగు గుణం ఉంది కాబట్టి, వంచితే తిరిగి పాత ఆకారానికి రావాలని చూస్తుంది. తమ్మెకు ఆ గుణం లేదు. లాగితే సాగుతుంది, సాగితే తిరిగి రాదు.

అందువల్ల చెవి మీద వేసే ప్రతి కుట్టునూ ఒకే ప్రశ్నతో చూడాలి: ఇది బరువు మోసే కుట్టా, అంచులు కలిపే కుట్టా? బరువు మోసేది లోపల ఉండాలి, పైన కనిపించేది కేవలం అంచులను సరిచూసి పట్టి ఉంచాలి. పై కుట్టు మీద లాగుడు పడితే, దారం చర్మంలోకి కోసుకుపోయి నిచ్చెన మెట్లలాంటి మచ్చలు మిగులుతాయి. చూడడానికి బాగాలేని మచ్చలు చాలా వాటిలో తప్పు దారానిది కాదు, మోయకూడని బరువును మోయించడంలోనే ఉంటుంది.

దారం సంగతి

దారం సన్నదనాన్ని 4-0, 5-0, 6-0 అని చెబుతారు. సున్నకు ముందున్న అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. 4-0 దారం మందం దాదాపు 0.15 నుంచి 0.2 మి.మీ. ఉంటే, 6-0 దారం 0.1 మి.మీ. కంటే సన్నగా ఉంటుంది. తమ్మె ముందువైపు చర్మానికి సాధారణంగా 6-0, వెనకవైపు 5-0 లేదా 6-0, మృదులాస్థికి 4-0 వాడతారు.

ఇక కరిగే దారాలు, కరగని దారాలు అని రెండు రకాలు. విక్రిల్ అనే పేరుతో దొరికే పాలిగ్లాక్టిన్ దారం మూడు వారాలకు దాదాపు సగం బలాన్ని కోల్పోయి, 56 నుంచి 70 రోజుల్లో పూర్తిగా కరిగిపోతుంది. తమ్మె లోపలి పొరకు ఇది సరిపోతుంది, ఎందుకంటే అప్పటికి గాయం తన కాళ్ల మీద తాను నిలబడగలదు. నైలాన్, ప్రోలీన్ కరగవు. అవి ఒంటి పోగు దారాలు కాబట్టి పోగుల సందుల్లో సూక్ష్మక్రిములు దాక్కునే అవకాశం తక్కువ, చర్మం కూడా వాటితో పెద్దగా పేచీ పెట్టుకోదు. అందుకే పై కుట్టుకు అవే మేలు. పట్టు దారం ముడి వేయడానికి చేతికి బాగా లొంగుతుంది కానీ, చర్మంలో వాపునూ ఎరుపునూ ఎక్కువగా రేపుతుంది. తమ్మె ముందువైపున దానిని వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చీలిన తమ్మెను కలిపే క్రమం

మొదట చీలిక కొత్తదా పాతదా అన్నది చూడాలి. దొంగ కమ్మ పట్టి గుంజినప్పుడో, చంటిబిడ్డ జూకా పట్టి లాగినప్పుడో తెగిన తమ్మెను శుభ్రంగా కడిగి, ధనుర్వాతం సూది వేసి, అదే రోజు కుట్టవచ్చు. నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా సాగి చీలిన తమ్మె సంగతి వేరు. చీలిక రెండు అంచుల మీదా అప్పటికే మామూలు చర్మం కప్పుకుని ఉంటుంది, చర్మం మీద చర్మం ఆనించి ఎంత గట్టిగా కుట్టినా అతకదు. ఆ పై చర్మాన్ని సన్నగా కోసి తీసివేసి, పచ్చి అంచును పచ్చి అంచుతో కలిపితేనే మానుతుంది. జిగురుతో అతికిస్తామనే మాటలు పూర్తిగా చీలిన పాత తమ్మె విషయంలో నిలవకపోవడానికి కారణం ఇదే. గాఢమైన ఆమ్లాన్ని రంధ్రం అంచులకు రాసి పై చర్మాన్ని కాల్చి మూయించే పద్ధతి ఒకటి ఉన్నా, అది సాగిన రంధ్రానికి, అదీ వైద్యుడి చేతుల్లోనే పనికివస్తుంది. పార్లర్లలో చేయించుకుని కాలిన మచ్చ తెచ్చుకోవడం దండగ.

రెండో పని గీతలు గీయడం. మత్తు సూది ఇవ్వక ముందే, మీరు కూర్చుని ఉండగా, అవతలి చెవితో పోల్చి చూస్తూ పెన్నుతో గీయాలి. మందు ఎక్కగానే తమ్మె ఉబ్బి ఆకారం మారిపోతుంది, ఆ తరువాత కొలతలు నమ్మదగినవి కావు. ఈ చిన్న జాగ్రత్త పాటించే సర్జన్‌ను చూస్తే పనిమంతుడని అనుకోవచ్చు.

రంధ్రం సాగి, కింది అంచు మాత్రం ఇంకా తెగకుండా సన్నని పట్టీలా మిగిలి ఉంటే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ పట్టీ బలంగా ఉంటే దానిని అలాగే ఉంచి, రంధ్రం చుట్టూ చర్మం తీసి మూస్తారు. దారంలా సన్నబడిపోయి ఉంటే, దానిని కూడా తెంచి పూర్తి చీలికగా మార్చి, మొత్తం కొత్తగా కలపడమే మంచిది. పేషెంటుకు ఈ మాట వింతగా అనిపించినా, బలహీనమైన పట్టీని కాపాడితే మళ్లీ రెండు మూడేళ్లకు అక్కడే తెగుతుంది.

అంచులు సిద్ధమయ్యాక అసలు కుట్లు మొదలవుతాయి. మొదటి కుట్టు తమ్మె కింది అంచున, సరిగ్గా ముందు చర్మమూ వెనక చర్మమూ కలిసే గీత దగ్గర పడాలి. ఈ ఒక్క కుట్టు అర మిల్లీమీటరు తప్పినా తమ్మె అడుగున మెట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కువమంది వాడేది వర్టికల్ మ్యాట్రెస్ కుట్టు. అందులో సూది చీలిక అంచుకు 3, 4 మి.మీ. దూరంలో లోతుగా దిగి, చీలికను దాటి, అవతల అంతే దూరంలో పైకి వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, ఈసారి అంచుకు 1 మి.మీ. దూరంలో, చర్మపు పైపొరనే పట్టుకుంటూ ఇవతలకు వస్తుంది. ముడి వేసినప్పుడు దూరపు పట్టు లోపలి కణజాలాన్ని దగ్గరకు చేరుస్తుంది, దగ్గరి పట్టు రెండు అంచులనూ కొద్దిగా పైకి లేపి కలుపుతుంది. అందుకే కుట్టిన రోజున తమ్మె అడుగున చిన్న గట్టులా కనిపిస్తుంది. చాలామంది దానిని చూసి సరిగ్గా కుట్టలేదేమోనని బాధపడతారు. నిజానికి ఆ గట్టు కావాలని చేసినదే. మచ్చ మానే కొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి, మొదట చదునుగా కలిపిన అంచు నెలల్లో గుంటపడి తమ్మె అడుగున నొక్కు ఏర్పడుతుంది. కొద్దిగా లేపి కలిపిన అంచు అదే కాలంలో చదునవుతుంది.

అడుగు కుట్టు కుదిరాక, లోపలి కొవ్వూ చర్మం అడుగు పొరా పట్టుకునేలా 5-0 కరిగే దారంతో ఒకటో రెండో కుట్లు వేస్తారు. వీటి ముడి కిందికి, లోతువైపు ఉండేలా సూదిని అడుగు నుంచి ఎక్కిస్తారు. ముడి పైకి ఉంటే కొన్ని వారాల తరువాత చర్మాన్ని పొడుచుకుని మొటిమలా బయటికి వస్తుంది. ఈ కుట్లు పడ్డాక పై అంచులు చేయి వేయకుండానే దాదాపు దగ్గరకు రావాలి. లైనింగు సరిగ్గా పడితే రవికె పైగుడ్డ లాగుడు పడకుండా కూర్చున్నట్టే, లోపలి పొర కుదిరితే పై కుట్లకు పని తక్కువ. తరువాత ముందువైపు 6-0 నైలాన్‌తో, 2, 3 మి.మీ. ఎడంగా, విడివిడి మామూలు కుట్లు వేస్తారు. విడివిడిగా వేయడంలో లాభం ఏమిటంటే, ఒక చోట చీము పట్టినా ఆ ఒక్క కుట్టు తీస్తే సరిపోతుంది. వెనకవైపు ఎవరికీ కనిపించదు కాబట్టి కరిగే దారం వాడినా నష్టం లేదు, పిల్లలకైతే అదే సుఖం.

నిలువుగా ఒకే గీతలో కలిపితే ఆ గీత పొడవునా మచ్చ ముడుచుకుని అడుగున నొక్కు పడవచ్చని పైన చెప్పుకున్నాం. దానిని తప్పించడానికే కొందరు సర్జన్లు అడుగు దగ్గర గీతను జెడ్ ఆకారంలోనో, మెట్టు ఆకారంలోనో విరిచి కలుపుతారు. అప్పుడు ఏర్పడే చిన్న త్రికోణపు చర్మపు మొనలకు మామూలు కుట్టు పనికిరాదు, మొనను సూదితో పొడిస్తే రక్తప్రసారం తగ్గి అది నల్లబడవచ్చు. అక్కడ కార్నర్ కుట్టు వేస్తారు. సూది ఎదుటి చర్మంలో దిగి, మొన లోపలి పొరలో మాత్రమే అడ్డంగా సాగి, మళ్లీ ఎదుటి చర్మంలోనే పైకి వస్తుంది. మొన పైచర్మం మీద ఒక్క పోటు కూడా పడదు.

తమ్మెను కలపడం మన దేశంలో చాలా పాత విద్య. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 16వ అధ్యాయం చెవులు కుట్టే విధానాన్నీ, తెగిన తమ్మెలను కలిపే 15 పద్ధతులనూ చెబుతుంది. వేల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి అని నాలుగు రకాల కుట్లను అదే స్థానంలో 25వ అధ్యాయం పేర్కొంటుంది. నార, స్నాయువు, వెంట్రుక వంటివి అక్కడ దారాలు. తమ్మె అంచులను ముందుగా గీరి పచ్చి చేసి కలపాలన్న సూత్రం కూడా ఆ గ్రంథంలో ఉంది.

కలిపేటప్పుడే పాత రంధ్రాన్ని నిలబెట్టమని అడిగేవారు ఉంటారు. చిన్న చర్మపు పట్టీని లోపలికి మడిచి రంధ్రం మిగిల్చే పద్ధతులు ఉన్నాయి కానీ, ఆ రంధ్రం మచ్చ గీత మీదే పడుతుంది. బుట్టల బరువు మళ్లీ బలహీనమైన చోటే వేలాడుతుంది. ఇప్పుడు పూర్తిగా మూయించి, తరువాత పక్కన కుట్టించుకోవడమే తెలివైన పని.

డొప్ప చెవుల్లో కుట్లు

చెవి డొప్పగా కనిపించడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. చెవి పైభాగంలో ఉండవలసిన మడత సరిగ్గా ఏర్పడకపోవడం ఒకటి, చెవి గుంట, అంటే చెవి రంధ్రం చుట్టూ గిన్నెలా ఉండే భాగం, మరీ లోతుగా ఉండి మొత్తం చెవిని ముందుకు నెట్టడం రెండోది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. న్యూయార్క్‌లో ఎలీ అనే వైద్యుడు 1881లో అందం కోసమే చేసిన శస్త్రచికిత్సను ప్రచురించాడు. మడత లేకపోవడమే చాలా వాటిలో అసలు లోపమని లకెట్ 1910లో గుర్తించాడు. నేడు విరివిగా వాడే కుట్లు రెండూ 1960లలో వచ్చాయి. మడతను తెచ్చే కుట్టును స్కాట్లండుకు చెందిన ముస్టార్డే 1963లో, గుంటను వెనక్కి లాగే కుట్టును ఫర్నాస్ 1968లో వివరించారు.

వయసు విషయంలో తొందర అక్కరలేదు. అయిదారేళ్లకు చెవి దాదాపు పెద్దవారి పరిమాణానికి చేరుకుంటుంది కాబట్టి, ఆ తరువాత ఎప్పుడైనా చేయించవచ్చు. బిడ్డే స్వయంగా కోరుకునే దాకా ఆగడం ఇంకా మంచిది, కట్టు పీకేయకుండా సహకరిస్తాడు. అప్పుడే పుట్టిన శిశువులో మాత్రం మృదులాస్థి మైనంలా మెత్తగా ఉంటుంది. మొదటి కొన్ని వారాల్లోనే వైద్యుడికి చూపిస్తే, అచ్చు అమర్చి చెవి ఆకారాన్ని కత్తీ కుట్టూ లేకుండా దిద్దడానికి వీలుంటుంది. ఈ సంగతి తెలియక ఆ అవకాశాన్ని పోగొట్టుకునే తల్లిదండ్రులే ఎక్కువ.

శస్త్రచికిత్సలో సర్జన్ మొదట చెవిని వేలితో వెనక్కి నొక్కి, మడత ఎక్కడ రావాలో చూసి, ఆ గీతకు రెండు వైపులా సూదితో రంగు చుక్కలు వెనకవైపునకు దిగేలా గుర్తులు పెడతాడు. చెవి వెనక కోత పెట్టి చర్మాన్ని లేపితే ఆ చుక్కలు మృదులాస్థి మీద కనిపిస్తాయి. ముస్టార్డే కుట్టు హారిజాంటల్ మ్యాట్రెస్ రకం, అంటే మడత గీతకు ఒకవైపు ఒక పట్టు, అవతలి వైపు దానికి సమాంతరంగా మరో పట్టు వేసి ముడి వేసేది. సూది మృదులాస్థి మందమంతా దాటి, దాని ముందువైపు పొరను కూడా పట్టుకోవాలి, కానీ ముందు చర్మాన్ని గుచ్చకూడదు. తక్కువ పడితే దారం మృదులాస్థిని కోసుకుని జారిపోతుంది, ఎక్కువ పడితే ముందు చర్మంలో దారం చిక్కుకుని చీము పడుతుంది. సూది తేలిన ప్రతిసారీ సర్జన్ చెవి ముందుభాగాన్ని తిప్పి చూసుకోవడం ఇందుకే. ఇలాంటివి మూడో నాలుగో వరుసగా వేసి, ముందు అన్నిటినీ ముడి లేకుండా వదిలి, తరువాత ఒక్కొక్కటే బిగిస్తూ మడత ఎంత రావాలో అంతవరకే లాగి ముడి వేస్తారు. ఈ కుట్టు మృదులాస్థి అంచులను ఆనించదు, కావలసిన ఎడంలో పట్టి ఉంచుతుంది.

దారం కరగనిదే కావాలి. మృదులాస్థి స్ప్రింగు గుణం నెలల తరబడి పని చేస్తూనే ఉంటుంది, మధ్యలో దారం కరిగిపోతే చెవి తిరిగి ముందుకు రావచ్చు. తెల్లని పాలిస్టర్ దారం ముడి బాగా నిలుస్తుంది కానీ పలుచని చర్మం కింద చేతికి తగులుతుంది. రంగులేని నైలాన్ కనిపించదు కానీ ముడి జారే స్వభావం ఉంది, నాలుగైదు ముడులు వేయాలి. ఎవరి చేతికి ఏది అలవాటో దానినే వాడనివ్వండి. పెద్దవారిలో మృదులాస్థి గట్టిపడి ఉంటుంది కాబట్టి, ఒక్క కుట్టు మీదే భారం వేయకుండా ముందువైపు పైపైన గీరి బలహీనపరిచే పద్ధతి కూడా ఉంది. గీరిన వైపు నుంచి మృదులాస్థి అవతలికి వంగుతుందన్నది దాని ఆధారం.

గుంట లోతుగా ఉన్నప్పుడు ఫర్నాస్ కుట్టుతో గుంట వెనకభాగాన్ని చెవి వెనక ఎముక మీది గట్టి పొరకు కడతారు. ఎముకవైపు పట్టు తగినంత వెనక్కి ఉండాలి. ముందుకు పడితే గుంట ముందుకు తిరిగి చెవి రంధ్రం ఇరుకవుతుంది. మధ్యలో మరీ బిగించి పైనా కిందా వదిలేస్తే చెవి మధ్యభాగం లోపలికి పోయి రెండు కొసలు పొడుచుకు వస్తాయి, దీనినే టెలిఫోన్ చెవి అంటారు. అందుకే చివర్లో తల నుంచి చెవి అంచు దూరాన్ని కొలుస్తారు. పైన 10 నుంచి 12, మధ్యలో 16 నుంచి 18, కింద 20 నుంచి 22 మి.మీ. అన్నవి సాధారణంగా పాటించే కొలతలు. రెండు చెవులూ అచ్చుగుద్దినట్టు ఒకటే అవ్వాలని పట్టుబట్టడం అనవసరం, పుట్టుకతో ఎవరికీ అలా ఉండవు.

వెనక చర్మాన్ని కరిగే దారంతో చర్మం లోపల సాగే కుట్టుతో మూస్తే తీయవలసిన పని ఉండదు. మడతల్లో మందు రాసిన దూది కూర్చి తల చుట్టూ కట్టు కడతారు.

కుట్లు పడ్డాక

డొప్ప చెవి శస్త్రచికిత్స తరువాత మొదటి రెండు రోజుల్లో ఒక చెవిలోనే నొప్పి పెరుగుతూ ఉంటే, మాత్ర వేసి పడుకోబెట్టకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, కట్టు అదే రోజు విప్పి చూడాలి. ఆలస్యమైతే మృదులాస్థి దెబ్బతింటుంది. ఎరుపు, వేడి, వాసనతో కూడిన స్రావం కనిపించినా అంతే తొందరగా వెళ్లాలి. కట్టు విప్పిన తరువాత కూడా కొన్ని వారాల పాటు రాత్రిపూట తలకు పట్టీ కట్టుకోమంటారు, నిద్రలో చెవి ముందుకు మడతపడితే లోపలి కుట్టు తెగవచ్చు. హెల్మెట్ ఎప్పుడు పెట్టుకోవచ్చో సర్జన్‌ను ముందే అడగండి. తీసేటప్పుడు చెవిని ముందుకు లాగేది అదే.

తమ్మె ముందువైపు కుట్లను సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య తీస్తారు. మరీ ఆలస్యం చేస్తే దారం రంధ్రాలే మచ్చలుగా మిగులుతాయి. తీసేటప్పుడు ముడిని పైకెత్తి, చర్మానికి ఆనుకున్న చోట ఒక్క పోగును కత్తిరించి, గాయం వైపునకే లాగాలి. గాయానికి అవతలి వైపు లాగితే కొత్తగా అతికిన అంచు విడిపోతుంది. బయట మురికి పట్టిన దారం చర్మం లోపలి నుంచి పోకూడదన్నదే ఆనుకుని కత్తిరించడానికి కారణం. అడుగు అంచున వేసిన కుట్టును చివరికి మిగిల్చి, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా తీసేవారూ ఉన్నారు.

తమ్మె మీద మచ్చ దురద పెడుతూ, గట్టిపడి, కుట్టిన హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. మన చర్మాలకు ఆ స్వభావం కొంత ఎక్కువ. చిన్నగా ఉన్నప్పుడే స్టెరాయిడ్ సూదులు, నొక్కి ఉంచే క్లిప్పులు పని చేస్తాయి. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే ఆ మాట శస్త్రచికిత్సకు ముందే చెప్పాలి. ఒకసారి కీలాయిడ్ వచ్చిన తమ్మెకు మళ్లీ రంధ్రం వేయించవద్దు.

అన్నీ సవ్యంగా ఉంటే దాదాపు మూడు నెలలకు, మచ్చ గీత మీద కాకుండా దాని పక్కన, తమ్మె అడుగుకు మరీ దగ్గరగా కాకుండా కొత్త రంధ్రం వేయించుకోవచ్చు. మొదట తేలికైన దిద్దులతో మొదలుపెట్టండి. పెళ్లిళ్లకు బుట్టలు తప్పవనుకుంటే మాటీలు పెట్టి బరువును జుట్టుకు అప్పగించండి, ఇంటికి రాగానే తీసివేయండి. డొప్ప చెవి శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఏళ్ల తరువాత చెవి వెనక చిన్న పొక్కులో తెల్లని దారం మొన కనిపిస్తే గిల్లకుండా సర్జన్‌కు చూపించాలి. అప్పటికి మచ్చ కణజాలమే చెవిని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆ ఒక్క కుట్టును తీసివేసినా చెవి సాధారణంగా ముందుకు రాదు.